చీప్ పెయింట్‌బాల్స్ కొనేముందు ఏం చూస్కోవాలి, ఇంటికొచ్చాక ఎలా టెస్ట్ చేస్కోవాలి

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పది పన్నెండు మంది కలిసి శనివారం పెయింట్‌బాల్‌కి (గన్‌తో రంగు బాల్స్ ఒకరి మీద ఒకరు కాల్చుకునే ఆటకి) వెళ్దాం అని వాట్సాప్ గ్రూప్‌లో ఫిక్స్ అవ్వగానే ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు, "ఫీల్డ్‌లో పెయింట్ రేటు చాలా ఎక్కువ బ్రో, ఆన్‌లైన్‌లో ఇంకా చీప్‌గా ఉంది, ఆర్డర్ పెట్టేద్దామా" అని. పెట్టేముందు ఇది ఒక్కసారి చదవండి. గన్ అద్దెదైనా సొంతదైనా ఆ రోజు ఆట ఎలా సాగుతుందో తేల్చేది బాల్సే, వెయ్యి డాలర్ల మార్కర్‌లో (ఈ గన్‌నే అలా అంటారు) కూడా చెత్త పెయింట్, అంటే చెత్త బాల్స్, పోస్తే షాట్ పక్కకే పోతుంది, అదే ఫీల్డ్ వాళ్ళు ఇచ్చే మామూలు రెంటల్ గన్‌లో ఫ్రెష్ పెయింట్ వేస్తే తిన్నగా వెళ్తుంది. నేను ఆడే ఫీల్డ్‌లో కొత్తవాళ్ళు గన్ బాలేదు అని కంప్లైంట్ చేసినప్పుడల్లా ముందు వాళ్ళ హాపర్ (గన్ మీద బాల్స్ పోసే డబ్బా) మూత తీసి చూడమంటాను, చాలాసార్లు సమస్య అక్కడే ఉంటుంది.

ముందు బాల్ లోపల ఏముంటుందో తెలిస్తే మిగతాదంతా ఈజీ. పైన ఉండే తొడుగు జెలటిన్, దాన్ని షెల్ అంటారు, లోపల నింపేదాన్ని ఫిల్ అంటారు. ఫిష్ ఆయిల్ క్యాప్సూల్స్ ఎలా చేస్తారో ఇవీ అలాగే చేస్తారు, రెండు జెలటిన్ షీట్లు తిరిగే అచ్చుల మధ్యకి వచ్చి అతుక్కుంటాయి, అతుక్కునే టైమ్‌లోనే లోపల ఫిల్ పడిపోతుంది. అందుకే ప్రతి బాల్‌కీ నడుం చుట్టూ సన్నగా ఒక అతుకు గీత కనపడుతుంది, దాన్ని సీమ్ అంటారు. లోపల ఉండేది మనం గోడలకి వేసే పెయింట్ కాదు, పాలీఇథిలీన్ గ్లైకాల్, రంగు, చిక్కదనం కోసం స్టార్చ్ లాంటివి, నీళ్ళతో కడిగితే పోతాయి. మొదట్లో ఇలా ఉండేది కాదు, 1981 జూన్ 27న న్యూ హ్యాంప్‌షైర్‌లోని హెనికర్ దగ్గర అడవిలో పన్నెండు మంది మొట్టమొదటి ఆట ఆడినప్పుడు వాడినవి చెట్లకీ పశువులకీ గుర్తు పెట్టడానికి తయారుచేసిన ఆయిల్ పెయింట్ బాల్స్, ఆ మరకలు టర్పెంటైన్ పెట్టి రుద్దితే గానీ వదిలేవి కావు. తర్వాతే నీళ్ళలో కరిగే ఫిల్ వచ్చింది.

శాకాహారం పాటించేవాళ్ళు ఒకటి తెలుస్కోండి, ఈ జెలటిన్ చాలావరకు పంది నుంచో ఆవు నుంచో తీసిందే. బాల్ మాస్క్ మీద పగిలితే గాలి కన్నాల్లోంచి నోట్లోకి చుక్కలు పడటం మామూలే. ఇది పట్టింపు ఉన్నవాళ్ళు టీమ్‌లో ఉంటే వాళ్ళకి ముందే చెప్పండి, ఫీల్డ్‌కి వెళ్ళాక చెప్తే బాగోదు.

స్టెప్ 1: ఆర్డర్ పెట్టకముందే ఫీల్డ్‌కి ఫోన్ చేయండి

చాలా ఫీల్డులు బయటి పెయింట్ రానివ్వవు, వాళ్ళ దగ్గరే కొనాలి, దీన్ని ఫీల్డ్ పెయింట్ ఓన్లీ అంటారు. కొన్ని మాత్రం సొంత పెయింట్ తెచ్చుకోనిస్తాయి, దానికి ఎంట్రీ ఫీజు కాస్త ఎక్కువ పెడతాయి. ఇది కనుక్కోకుండా రెండు వేల బాల్స్ కేసు మోసుకెళ్తే గేటు దగ్గరే కారులో పెట్టేయమంటారు, మళ్ళీ లోపల కొనాలి, డబ్బులు రెండుసార్లు పోయినట్టు. ఫీల్డ్ వాళ్ళు డబ్బు కోసమే ఈ రూల్ పెట్టారని చాలామంది తిట్టుకుంటారు కానీ అందులో నిజమైన కారణం కూడా ఉంది, బయటి నుంచి ఎవరు ఏ పాత సరుకు తెస్తారో, ఏ గట్టి బాల్ తెస్తారో వాళ్ళకి తెలీదు, దెబ్బ తగిలితే బాధ్యత వాళ్ళది. ఇండియాలో ఈ బెడద తక్కువ, హైదరాబాద్ చుట్టుపక్కల అరేనాల్లో మామూలుగా ఇన్ని బాల్స్‌కి ఇంత అని ప్యాకేజీలోనే ఇచ్చేస్తారు, అక్కడ మీరు చేయగలిగింది హాపర్ నింపేముందు ఒక గుప్పెడు చేతిలోకి తీస్కుని చూడటం, కింద చెప్పిన స్టెప్ 3 అక్కడా పనికొస్తుంది.

స్టెప్ 2: లిస్టింగ్ మొత్తం చదవండి, ఫోటో చూసి కొనకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కొంచెం ఎక్కువే చెప్తాను. మామూలు ఆటకి వాడే బాల్ .68 క్యాలిబర్, అంటే దాదాపు 17.3 మిల్లీమీటర్లు, బరువు సుమారు 3 గ్రాములు. పిల్లలకి, తక్కువ దెబ్బ తగలాలి అనుకునేవాళ్ళకి .50 క్యాలిబర్ ఉంటుంది. ఇంకా చిన్నది .43 కూడా ఉంది. ఫోటోలో అన్నీ ఒకేలా గుండ్రంగా రంగురంగుల్లో కనపడతాయి, చీప్‌గా ఉందని .50 బాల్స్ తెప్పించి .68 గన్‌లో వేస్తే అవి పనికిరావు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. ఆన్‌లైన్‌లో పెయింట్‌బాల్స్ అని వెతికితే రబ్బరు బాల్స్, గట్టి నైలాన్ బాల్స్ కూడా వస్తాయి, సైజు అదే .68, ఒకటికి పదిసార్లు వాడుకోవచ్చు అని రాసి ఉంటుంది, లెక్కేస్తే చాలా చవగ్గా కనిపిస్తుంది. అవి ఆత్మరక్షణకనో, టార్గెట్ ప్రాక్టీస్‌కనో అమ్మేవి, మనిషి మీద ఆడే ఆటకి కాదు. జెలటిన్ బాల్ తగలగానే పగిలి ఆ శక్తిని చిమ్మిపోయే ఫిల్‌తో పాటు పంచేస్తుంది, పగలని బాల్ మాత్రం మొత్తం దెబ్బ ఒంటి మీదే దించి వెనక్కి ఎగురుతుంది. నైలాన్ బాల్ ముఖం దగ్గర తగిలితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. లిస్టింగ్‌లో రీయూజబుల్, సాలిడ్, రబ్బర్, నైలాన్, గ్లాస్ బ్రేకర్ ఇలాంటి మాట ఏది కనపడినా ఆ పేజీ మూసేయండి, రేటు ఎంత తక్కువున్నా సరే.

తర్వాత డేట్. తయారైన తేదీ పెట్టె మీదో సంచి మీదో ఉంటే చూడండి, లేకపోతే అమ్మేవాడిని అడగండి. పెయింట్‌బాల్ పచ్చళ్ళలాగా ఏళ్ళ తరబడి నిలవుండే సరుకు కాదు, తయారైన మొదటి రెండు మూడు నెలల్లో వాడేస్తేనే బాగుంటుంది, ఆ తర్వాత షెల్ మెల్లగా ఆకారం పోగొట్టుకుంటుంది, లోపల ఫిల్ కూడా కింద పేరుకుంటుంది. సగం రేటుకి వచ్చే క్లియరెన్స్ పెయింట్ చాలావరకు ఈ పాత సరుకే. పోయిన సీజన్‌ది గోడౌన్‌లో వేసవి, చలికాలం రెండూ చూసి వస్తుంది. పెద్ద సూపర్ స్టోర్లలో షెల్ఫ్ మీద ఉండే 500 బాల్స్ డబ్బాలతో కూడా ఇదే తంటా, కంపెనీ మంచిదే అయినా ఆ డబ్బా అక్కడ ఎన్నాళ్ళుగా నిలబడి ఉందో ఎవరికీ తెలీదు. రోజూ కేసులు కేసులు అమ్ముడయ్యే పెయింట్‌బాల్ షాపులోనో ఫీల్డ్‌లోనో కొంటే కనీసం సరుకు తిరుగుతూ ఉంటుంది.

గ్రేడ్లు కూడా ఉంటాయి. ప్రతి కంపెనీ పైనుంచి కింద దాకా నాలుగైదు రకాలు చేస్తుంది. టోర్నమెంట్ గ్రేడ్ అంటే షెల్ పల్చగా, పెళుసుగా, సైజు ఒకదానికొకటి దగ్గరగా ఉంటుంది, ఫిల్ చిక్కగా ఉంటుంది. కింది గ్రేడ్‌లో షెల్ మందం, సైజులో తేడాలు. ఫీల్డ్ గ్రేడ్ అనే మధ్య రకం మామూలుగా ఆడేవాళ్ళకి చాలు, టోర్నమెంట్ పెయింట్ రెంటల్ గన్‌లో వేస్తే గన్ లోపలే పగులుతుంది, అది కూడా డబ్బు దండగే. కాబట్టి ఖరీదైందే కొనమని నేను చెప్పట్లేదు, మీ గన్‌కి సరిపోయేది, ఫ్రెష్‌గా ఉన్నది కొనమంటున్నాను.

స్టెప్ 3: సంచి విప్పి పది బాల్స్ పళ్ళెంలో పోయండి

ఇంటికి రాగానే ఒక సంచి విప్పి ఓ పది బాల్స్ తెల్లటి పళ్ళెంలో పోసి వెలుతురులో చూడండి. మంచి బాల్ నున్నగా, కాస్త మెరుస్తూ ఉంటుంది. వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పితే సీమ్ దగ్గర గోరుకి పెద్దగా తగలకూడదు, తగిలితే అతుకు సరిగ్గా కుదర్లేదని అర్థం, అలాంటిది గాల్లో తిన్నగా తిరగదు, కొంత దూరం వెళ్ళాక ఎటో ఒకవైపు వంకర తిరుగుతుంది. ఒకవైపు చప్పిడిగా నొక్కినట్టు గుంట ఉందా చూడండి, దాన్ని డింపుల్ అంటారు, ఎక్కువ రోజులు ఒకే పొజిషన్‌లో బరువు కింద ఉన్న బాల్‌కి వస్తుంది. పదిలో ఒకటీ అరా ఉంటే పర్లేదు, నాలుగైదుకి ఉంటే ఆ సంచి తిరిగి ఇచ్చేయడమే మంచిది.

వేళ్ళకి జిడ్డు అంటుకుంటే సంచిలో ఎక్కడో ఒక బాల్ కారిపోయిందని అర్థం. ఒక్కటి కారితే చుట్టూ ఉన్న ఇరవై ముప్ఫై బాల్స్ షెల్ ఆ తడికి మెత్తబడిపోతుంది, వాటిని తుడిచి వాడదాం అనుకోకండి, తుడిచినా మెత్తదనం పోదు, హాపర్‌లో ఒకదానికొకటి అతుక్కుని కిందకి దిగవు. వానాకాలంలో డబ్బా మూత పెట్టడం మర్చిపోతే అప్పడాలు ఎలా మెత్తబడతాయో జెలటిన్ కూడా అంతే, గాలిలో తేమని పీల్చేసుకుంటుంది, ఉబ్బుతుంది, సైజు మారుతుంది. మారాక బ్యారెల్‌లో, అంటే బాల్ బయటికి వెళ్ళే గొట్టంలో, ఇరుక్కుంటుంది.

ఒక్క బాల్ తెల్ల టిష్యూ మీద పగలగొట్టి కూడా చూడండి. ఫిల్ చిక్కగా ముద్దలా ఉండి రంగు గట్టిగా కనపడాలి. నీళ్ళలా జారిపోతే ఆటలో ఎదుటివాడికి తగిలినా దూరం నుంచి రెఫరీకి మరక కనపడదు, అక్కడ మొదలవుతాయి గొడవలు. తర్వాత ఆ టిష్యూని కుళాయి కింద పెట్టండి, రంగు నీళ్ళకి వదిలేస్తే సరే, నూనెలా తేలుతూ అలాగే ఉంటే అది ఆయిల్ ఎక్కువున్న ఫిల్, బట్టలకీ మాస్క్ లెన్స్‌కీ అంటుకుంటే తుడిచేకొద్దీ ఇంకా అలుక్కుపోతుంది.

స్టెప్ 4: డ్రాప్ టెస్ట్

సిమెంటు నేల మీద నిలబడి తల ఎత్తు నుంచి, అంటే దాదాపు ఆరడుగుల నుంచి, బాల్‌ని ఊరికే వదలండి, విసరొద్దు. ఒక నాలుగైదు బాల్స్‌తో చేయండి. మొదటి దెబ్బకే పగిలిపోతే బాగా పెళుసు పెయింట్, మంచి గన్, మంచి బ్యారెల్ ఉన్నవాళ్ళకే అది. ఒకటి రెండుసార్లు ఎగిరి తర్వాత పగిలితే మామూలు ఆటకి కరెక్ట్. నాలుగైదు సార్లు ఎన్నిసార్లు వదిలినా రబ్బరు బంతిలా ఎగురుతూనే ఉంటే మాత్రం దాన్ని మనుషుల మీద వాడకండి.

గన్‌లో పగలట్లేదు కదా, గట్టి బాల్ అయితే ఏంటి అని అడుగుతారు. లెక్క చూడండి, 3 గ్రాముల బాల్ సెకనుకి 300 అడుగుల స్పీడ్‌తో వెళ్తే అందులో సుమారు 12.5 జౌల్స్ శక్తి ఉంటుంది. పగిలితే చురుక్కుమంటుంది, ఎర్రగా అవుతుంది, రెండ్రోజుల్లో తగ్గుతుంది. పగలకుండా ఎగిరిపోతే బాల్ తగిలిన చోట నడిమధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రటి రింగులా కమిలిపోతుంది, మెడ మీదో వేళ్ళ కణుపుల మీదో అయితే వారం దాకా నొప్పి. పైగా మరక పడలేదు కాబట్టి రూల్ ప్రకారం అతను అవుట్ కాడు, దెబ్బ తిన్నవాడు ఆడుతూనే ఉంటాడు, కొట్టినవాడు కొట్టాను కదా అని అరుస్తూ ఇంకో నాలుగు కొడతాడు. స్నేహితులు నిజంగా మాటా మాటా అనుకునేది ఇక్కడే.

కొందరు గట్టిగా తగలాలని బాల్స్‌ని ఫ్రీజర్‌లో పెడతారు. చలికి జెలటిన్ పెళుసెక్కి, బాల్ ఆకారం మారి, ఎక్కువగా బ్యారెల్‌లోనే పగులుతుంది, అసలు ఎదుటివాడిని గాయపరచాలనే ఆలోచనే తప్పు, ఏ ఫీల్డ్‌లో దొరికినా బయటికి పంపేస్తారు.

స్టెప్ 5: బ్యారెల్‌కి సరిపోతుందో ఊది చూడండి

సొంత గన్ ఉన్నవాళ్ళకి ఇది. ముందు బాల్‌ని తోసే గ్యాస్ ట్యాంక్ తీసేయండి, హాపర్ తీసేయండి, గన్‌లోంచి బ్యారెల్ విప్పి విడిగా పట్టుకోండి. వెనక వైపు నుంచి, అంటే గన్‌కి బిగించే వైపు నుంచి ఒక బాల్ వేయండి. దానంతట అది జారి అవతల నుంచి పడిపోతే బ్యారెల్ లూజు, గ్యాస్ పక్కల నుంచి పోతుంది, ఒక్కో షాట్ ఒక్కో స్పీడ్‌తో వెళ్తుంది. బాల్ ఇరుక్కుని గట్టిగా ఊదినా కదలకపోతే టైట్, కాలిస్తే లోపలే పగులుతుంది. దానంతట జారకుండా ఆగి, నోటితో మెల్లగా ఊదితే బయటికి వస్తే సరిగ్గా కుదిరినట్టు. ఒక్క బాల్‌తో ఆపకుండా ఏడెనిమిదితో చూడండి, చీప్ పెయింట్‌లో అసలు తేడా ఇక్కడే బయటపడుతుంది, ఒకటి జారిపోతుంది, ఇంకోటి ఇరుక్కుంటుంది, ఇలా సైజు సైజుకీ మారే పెయింట్‌కి ఏ బ్యారెల్ కొన్నా లాభం లేదు. అదే బాల్‌ని తిప్పి వేరే వైపు నుంచి కూడా వేయండి, ఒకవైపు జారి ఒకవైపు ఇరుక్కుంటే అది గుండ్రంగానే లేదు.

స్టెప్ 6: క్రోనో దగ్గర తొందర పడకండి

ఫీల్డ్‌కి వెళ్ళాక గన్ స్పీడ్ కొలిచే చోట చాలామంది ఒక్క షాట్ కొట్టి వెళ్ళిపోతారు. బయట ఆడే ఫీల్డుల్లో మామూలుగా సెకనుకి 280 నుంచి 300 అడుగుల లోపు పెట్టమంటారు, లోపల ఆడేచోట ఇంకా తక్కువ. కనీసం ఐదారు షాట్లు కొట్టి నంబర్లు చూడండి. 275, 278, 272 ఇలా దగ్గర దగ్గరగా వస్తే పెయింట్ బాగుంది. 240, 290, 260 ఇలా ఎగిరితే గన్ స్పీడ్ సర్దేముందు పెయింట్ మార్చి చూడండి, ఎందుకంటే తక్కువ నంబర్ చూసి స్పీడ్ పెంచేస్తే తర్వాత సరిగ్గా కుదిరిన బాల్ లిమిట్ దాటి వెళ్తుంది, అది ఎదుటివాడికి ప్రమాదం.

మాస్క్ గురించి ఒక్క మాట, చీప్ పెయింట్ తెచ్చినా తేకపోయినా ఏఎస్‌టీఎం ఎఫ్1776 (కళ్ళ రక్షణకి ఉన్న ప్రమాణం) అని రాసి ఉన్న పెయింట్‌బాల్ మాస్కే పెట్టుకోండి, బైక్ గాగుల్స్, ల్యాబ్ కళ్ళద్దాలు వద్దు. లెన్స్ మీద ఫిల్ అలుక్కుపోయి ఏమీ కనపడకపోతే చెయ్యెత్తి, ఆట నుంచి బయటికొచ్చి, సేఫ్ జోన్‌లోకి వెళ్ళాకే మాస్క్ తీయండి. ఫీల్డ్ మీద ఒక్క క్షణం కూడా తీయకూడదు.

స్టెప్ 7: గన్‌లో పగిలితే ఏం చేయాలి

ఎంత జాగ్రత్త పడ్డా ఒకటీ అరా పగులుతాయి. రెండు రకాలుగా పగులుతుంది, బాల్ సగం దిగినప్పుడే బోల్ట్ (బాల్‌ని బ్యారెల్‌లోకి తోసే భాగం) మూసుకుంటే అక్కడే నలిగిపోతుంది, దాన్ని చాప్ అంటారు, రెండోది బ్యారెల్‌లో పగలడం. ఏది జరిగినా గుర్తు ఒకటే, తిన్నగా వెళ్ళే షాట్ ఒక్కసారిగా వంకర పోతుంది, బ్యారెల్ మూతి నుంచి రంగు తుంపర వస్తుంది. ఇంకా కాల్చుకుంటూ పోతే శుభ్రమవుతుందిలే అనుకోకండి, తడి గోడకి తగిలిన ప్రతి బాల్ వంకరే పోతుంది. అడ్డం వెనక కూర్చుని ట్రిగర్ మీద నుంచి వేలు తీసి, సేఫ్టీ వేసి, స్క్వీజీని (బ్యారెల్ లోపల తుడిచే పుల్లని) బ్యారెల్‌లోకి దూర్చి ఒక్క లాగు లాగి, దాన్ని ప్యాంటుకి తుడిచి మళ్ళీ ఒకసారి లాగాలి. హాపర్‌లో పగిలితే మాత్రం ఆ గేమ్ వదిలేయండి, బయటికొచ్చి మొత్తం ఒంపేసి, హాపర్ తడిబట్టతో తుడిచి ఆరబెట్టి కొత్త పెయింట్ పోయండి. ఎలక్ట్రానిక్ గన్ అయితే బాల్ దిగిందా లేదా చూసే సెన్సర్ మీద కూడా ఫిల్ పడుతుంది, అది తుడవకపోతే గన్ కాలదు, లేదా ఇష్టం వచ్చినట్టు కాలుస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క వేయండి. రెండు వేల బాల్స్ కేసు ఒకటి 35 డాలర్లు, ఇంకోటి 50 అనుకుందాం. తేడా బాల్‌కి ముప్పావు సెంటు. ఇద్దరు కలిసి ఒక కేసు పంచుకుంటే మనిషికి ఏడున్నర డాలర్లు మిగిలాయి. దానికి బదులు పొద్దున ఆడిన గేముల్లో సగం స్క్వీజీ పట్టుకుని కూర్చుంటారు, ఎంట్రీ, గ్యాస్, రెంటల్ అన్నీ కట్టిన రోజు అది.

నేల మీద పడిన బాల్స్ ఏరుకుని మళ్ళీ వేయడం కూడా ఇలాంటి పొదుపే. మట్టి, ఇసుక రేణువు బ్యారెల్ లోపల గీతలు పెడుతుంది, తడి నేల మీద పడింది అప్పటికే ఉబ్బి ఉంటుంది. పడింది పడినట్టు వదిలేయండి.

స్టెప్ 8: ఎంత కొనాలి, ఎలా దాచాలి

కొత్తవాళ్ళకి ఒక పూటకి 500 బాల్స్ సంచి చాలావరకు సరిపోతుంది, ఎలక్ట్రానిక్ గన్‌తో రోజంతా ఆడేవాళ్ళు కేసు లేపేస్తారు, అది వేరే. ఆఫర్ ఉందని నాలుగు కేసులు కొని పెట్టుకోవద్దు, ఎంత మంచి పెయింట్ అయినా మీ గ్యారేజ్‌లో పడి ఉంటే మూడు నెలలకి చీప్ పెయింట్ అయిపోతుంది. ఇంట్లో ఏసీ ఉండే గదిలో, 15 నుంచి 25 డిగ్రీల మధ్య, సంచి మూతి బిగించి, పెట్టె అడుగున పడేయకుండా వారానికి రెండు మూడుసార్లు తిప్పి పెట్టండి, అప్పుడే డింపుల్స్ రావు. టెక్సాస్ ఎండల్లో కారు ట్రంకులో రాత్రే పెట్టేసి పొద్దున ఆడి మధ్యాహ్నం మళ్ళీ అందులోంచే తీస్తే బాల్స్ మెత్తబడి ఒకదానికొకటి అంటుకుని వస్తాయి. చలికాలంలో జెర్సీ వైపు గ్యారేజ్‌లో పెడితే తెల్లారేసరికి పెళుసెక్కుతాయి, హాపర్‌లో పోసేముందు కొన్ని గంటలు ఇంట్లో ఉంచాలి. ఫీల్డ్‌లో కూడా పెట్టెని ఎండలో బల్ల మీద వదిలేయకుండా నీడలో, నేలకి ఆనకుండా పెట్టండి.

ఇంట్లో కుక్క ఉంటే పెయింట్‌బాల్స్ దానికి అందని చోట, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. లోపలి గ్లైకాల్, సార్బిటాల్, గ్లిజరిన్ లాంటివి ఒంట్లో నీటిని పేగుల్లోకి లాగేస్తాయి, రక్తంలో సోడియం పెరిగిపోతుంది, వాంతులు, విరేచనాలు, తూలడం, వణకడం, ఫిట్స్ దాకా వెళ్తుంది. కాస్త తియ్యగా ఉంటాయి కాబట్టి కొన్ని కుక్కలు ఇష్టంగా తినేస్తాయి. తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాలు కనపడేదాకా ఆగకుండా, పెట్టె మీద రాసి ఉన్న వివరాలు చేత్తో పట్టుకుని వెంటనే వెట్ దగ్గరికి తీస్కెళ్ళండి.